అంగన్‌వాడీ, డీఈఐసీ, స్పాన్సర్‌షిప్, హాస్టల్: పిల్లలకు ఏ సాయం ఎప్పుడు?

ప్రతి జూన్‌లో బడిబాట పేరుతో మేం టీచర్లం ఇల్లిల్లూ తిరుగుతాం. బడికి రావాల్సిన పిల్లల పేర్లు రాసుకోవడం మా పని. నర్సంపేట వైపు ఊళ్లలో 18 ఏళ్లుగా ఒకటో తరగతికి చెబుతున్నాను. గడప దగ్గర నిలబడి పేరు అడిగేసరికి కొన్ని ఇళ్లలో పేరు కంటే ముందు కష్టం బయటికి వస్తుంది. "పిలగానికి ఇంకా మాటలు రాలే మేడం, బడిల తీసుకుంటరా?" అంటుంది ఒక తల్లి. "దీని నాయిన పోయిండు. తల్లి పుట్టింటికి పోయి మళ్ల రాలే. నాతోని ఐతలేదు బిడ్డా, ఏదన్న హాస్టల్ల ఏపియ్యి" అంటుంది ఒక బాపమ్మ.

ఇద్దరికీ సాయం ఉంది. కానీ ఆ పిల్లాడికి అది రెండేళ్ల వయసులో అందాల్సింది, వాడిప్పుడు ఐదు దాటాడు. బాపమ్మ అడిగిన హాస్టల్ ఆ పాపకు మొదటి దారి కాదు, అన్నీ చూశాక చివరన చూడాల్సిన దారి. పథకాల పేర్లు మన ఊళ్లలో చాలామందికి తెలుసు. రెండు దారులు ఎదురుగా ఉన్నప్పుడు ఏది ముందు పట్టుకోవాలో చెప్పేవాళ్లే తక్కువ. నేను మాత్రం ప్రతిసారీ ఒకటే చూస్తాను. ఇంటికి దగ్గరగా ఉండి, బిడ్డను ఇంట్లోనే ఉంచి, తమ వల్ల కాకపోతే తర్వాతి చోటికి వాళ్లే పంపే సాయం ఏదో అదే ముందు. దూరంగా ఉన్నదీ, ఖరీదైనదీ తర్వాత.

ఇంకో మాట ముందే చెప్పాలి. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు వేరైంది, 2021లో అర్బన్, రూరల్ అన్న పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. పిల్లల సంక్షేమానికి సంబంధించిన ఆఫీసులు జిల్లాల వారీగా ఉంటాయి. పరకాల వాళ్లు ఇప్పుడు హనుమకొండ జిల్లా, నర్సంపేట వాళ్లు వరంగల్ జిల్లా. ఇది తెలియక ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగి, బస్సు చార్జీలకు వెయ్యి రూపాయలు పోగొట్టుకున్న కుటుంబాన్ని నేను చూశాను. బయల్దేరే ముందు మీ అంగన్‌వాడీ టీచర్‌నో, పంచాయతీ కార్యదర్శినో అడిగి మీది ఏ ఆఫీసో తేల్చుకోండి.

అంగన్‌వాడీయా, ప్లేస్కూలా?

మూడేళ్లు నిండగానే ఊళ్లోకి వ్యాన్ వస్తుంది. టై, బూట్లు, ఇంగ్లిష్ పాటలు. పక్కింటి పిల్లాడు వ్యాన్ ఎక్కి వెళ్తుంటే మన బిడ్డను అంగన్‌వాడీకి పంపడానికి మనసొప్పదు. ఆ ఆశను నేను తప్పుపట్టను. కూలికి పోయే తల్లి కూడా బిడ్డ బాగుపడాలనే నెలకింత అని ఫీజు కడుతుంది. కానీ ఆ ఫీజుకు ఏం వస్తుందో, ఊరికే దొరికేదాన్ని వదులుకుంటే ఏం పోతుందో పక్కపక్కన పెట్టి చూడాలి.

అంగన్‌వాడీలు 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్‌లో, అంటే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో భాగం. మన తెలంగాణలో 149 ప్రాజెక్టుల కింద 35,700 కేంద్రాలున్నాయి. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పోషకాహార పొడి) ప్యాకెట్, 16 గుడ్లు ఇస్తారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడే భోజనం, గుడ్డు. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇది 2015 జనవరి 1 నుంచి నడుస్తోంది. ఇవన్నీ ఇంటికి నడిచి వెళ్లే దూరంలో దొరుకుతాయి.

తిండి సరే, నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అంగన్‌వాడీలో ప్రతి నెలా బిడ్డను తూకం వేస్తారు, ఎత్తు కొలుస్తారు, లెక్క రాస్తారు. ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు కార్యక్రమం) డాక్టర్ల టీం అక్కడికే వస్తుంది. సర్కారు బడికి ఏడాదికి ఒకసారి వస్తుంది. ప్రైవేటు ప్లేస్కూల్‌కు ఈ టీం వెళ్లదు. అంటే వ్యాన్ ఎక్కిన పిల్లాడు, వాళ్ల అమ్మానాన్నలు గమనించకపోతే, ఆరేళ్లు వచ్చేదాకా ఏ డాక్టర్ల లెక్కలోనూ పడకపోవచ్చు. ఫీజు కట్టే తల్లిదండ్రుల్లో ఈ విషయం తెలిసినవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు.

అంగన్‌వాడీల లోపాలు నేను దాచను. కొన్ని అద్దె గదుల్లో నడుస్తున్నాయి. టీచర్ మీద సర్వేలు, రిజిస్టర్లు, ఫోన్‌లో ఎక్కించే వివరాలు, ఎన్నికల పనులు అన్నీ పడతాయి. పాట పాడించే సమయం అందులోంచే పోతుంది. కొన్ని చోట్ల ఆయా ఒక్కతే ఉంటుంది. కాబట్టి పేరు చూసి కాదు, కేంద్రాన్ని చూసి నిర్ణయించండి. ఒక రోజు చెప్పకుండా పదకొండు గంటలకు వెళ్లండి. పిల్లలు నేల మీద కూర్చుని ఏదో చేస్తున్నారా, లేక అన్నం కోసం ఎదురుచూస్తున్నారా? పోయిన నెల తూకం రాసి ఉందా? మీ బిడ్డ పేరు పెట్టి టీచర్ పిలుస్తోందా? ఈ మూడూ బాగుంటే ఇంకేం ఆలోచించకుండా అక్కడే ఉంచమంటాను. నాలుగేళ్ల బిడ్డకు కావాల్సింది ఆట, మాట, పాట, కడుపునిండా తిండి. అక్షరాలు మేం బడిలో నేర్పిస్తాం.

కేంద్రం బాగాలేదనిపించి ప్లేస్కూల్‌కే పంపితే, నెలనెలా తూకానికీ, ఆర్‌బీఎస్‌కే టీం వచ్చే రోజుకూ మాత్రం బిడ్డను అంగన్‌వాడీకి తీసుకెళ్లండి. నాకు తెలిసిన టీచర్లు ఎవరూ కాదనలేదు. ఊరంతటి పిల్లలనూ లెక్కలో ఉంచుకోవడం వాళ్ల పని.

మాటలు రాని బిడ్డ

ఇది రాయడం నాకు కష్టం. ఇందులో నా తప్పూ ఉంది. మా చెల్లి కొడుకు రెండేళ్లకు "అమ్మ", "తాత" తప్ప ఏమీ అనేవాడు కాదు. ఇంట్లో పెద్దవాళ్లు "ఏంగాదు, మగపిల్లలకు మాటలు లేటే, వాళ్ల నాయినకు కూడ నాలుగేండ్లకు వచ్చినయి" అన్నారు. రోజూ పిల్లల మధ్య ఉండే నేను కూడా "చూద్దాంలే" అన్నాను. మూడేళ్లు నిండాక టెన్షన్ మొదలై, ఊళ్లో ఎవరో చెబితే ఒక ప్రైవేటు థెరపీ సెంటర్‌కు తీసుకెళ్లాం. మూడు నెలల ప్యాకేజీ డబ్బు ముందే కట్టించుకున్నారు. వారానికి మూడు రోజులు బొమ్మలు చూపించి పేర్లు చెప్పించేవాళ్లు. తలుపు అవతల మా చెల్లి కూర్చునేది, లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. మూడు నెలలు ఆరు నెలలయ్యాయి, మార్పు లేదు. ఆ తర్వాత అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే డాక్టర్ వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టి, పరీక్షకు రాసిచ్చింది. రెండు చెవులూ సరిగా వినబడటం లేదని అప్పుడు తేలింది. వినబడని పిల్లాడికి ఆరు నెలల పాటు మాటలు నేర్పే ప్రయత్నం చేశాం. ఎవరూ ముందు చెవి పరీక్ష చేయించలేదు, మేమూ అడగలేదు.

అందుకే ఎవరు ఏమన్నా ఈ గుర్తులు మర్చిపోవద్దు. నాలుగు నెలలకు మెడ నిలబడాలి. తొమ్మిది నెలలకు ఆనుకోకుండా కూర్చోవాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తల తిప్పాలి. ఏడాదిన్నరకు నడక, కొన్ని విడి మాటలు రావాలి. రెండేళ్లకు "అన్నం పెట్టు", "తాత రా" లాంటి రెండు మాటలు కలిపి అనాలి. వీటిలో ఏదైనా రాకపోతే, వచ్చిన మాట మళ్లీ పోతే, ఇంకో ఆరు నెలలు చూడటం కాదు, ఆ వారమే చూపించాలి. కాన్పప్పుడు ఇచ్చిన మాతా శిశు రక్షణ కార్డులో ఈ వివరాలు బొమ్మలతో ఉంటాయి. టీకాలు అయిపోయాయని దాన్ని బీరువాలో పడేయకండి.

ఇప్పుడు ఎక్కడ చూపించాలన్న ప్రశ్న. మన ముందు మూడు దారులుంటాయి.

మొదటిది ఆర్‌బీఎస్‌కే టీం, దాని వెనక జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ, అంటే ఎదుగుదల లోపాలను తొందరగా పట్టి సాయం చేసే కేంద్రం. ఆర్‌బీఎస్‌కే 2013లో వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు, లోపంతో వచ్చే జబ్బులు, చిన్ననాటి వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం అన్న నాలుగు రకాల కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు చూస్తారు. గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండెలో రంధ్రం, చెవుడు, చూపు తక్కువ, మాట ఆలస్యం అన్నీ ఇందులోకి వస్తాయి. టీం వాళ్లు అనుమానం ఉన్న బిడ్డను డీఈఐసీకి రాసిస్తారు. అక్కడ పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, చెవి పరీక్ష చేసేవాళ్లు, మాట నేర్పేవాళ్లు, సైకాలజిస్ట్, ప్రత్యేక ఉపాధ్యాయులు ఒకే చోట ఉండాలన్నది ఏర్పాటు. డబ్బు అవసరం లేదు. ఆపరేషన్ కావాలంటే అక్కడి నుంచే పెద్దాసుపత్రికి పంపుతారు. కష్టం దూరం దగ్గర వస్తుంది. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు వంద కిలోమీటర్ల పైమాటే. పత్తి ఏరే రోజుల్లో వారానికోసారి రావాలంటే కూలి పోతుంది. వెళ్లిన రోజు అక్కడ అన్ని పోస్టుల్లో మనిషి ఉంటారన్న నమ్మకమూ లేదు, ముందు ఫోన్ చేసి వెళ్లడం మంచిది.

రెండోది ప్రైవేటు థెరపీ. హనుమకొండలో ఇప్పుడు చాలా ఉన్నాయి. వారానికి రెండు మూడు సార్లు కూర్చోబెడతారు, వేళలు మనకు కుదిరినట్టు ఇస్తారు. నిజంగా బాగా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ మా అనుభవం తర్వాత నేను అందరికీ చెప్పేది ఇదే. మాట రాని బిడ్డకు చెవి పరీక్ష రిపోర్టు చూడకుండా థెరపీ మొదలుపెట్టే చోటికి వెళ్లొద్దు. చేసే మనిషికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని అడగండి. ఉన్నవాళ్లు అడగ్గానే చూపిస్తారు. తల్లిని లోపల కూర్చోనివ్వాలి. వారంలో మిగిలిన గంటలన్నీ బిడ్డ ఆమె దగ్గరే ఉంటాడు, ఇంట్లో ఏం చేయాలో ఆమెకు తెలియాలి. నెలల తరబడి డబ్బు ముందే కట్టమంటే కట్టొద్దు.

మూడోది భవిత కేంద్రం. దీని గురించి చాలామందికి తెలియదు. బడి చదువుల పథకమైన సమగ్ర శిక్ష కింద మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడుస్తాయి. ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు ఉంటారు, ఫిజియోథెరపిస్ట్ నిర్ణీత రోజుల్లో వస్తారు. కదల్లేని పిల్లలకు ఇంటికే వచ్చి నేర్పుతారు. డీఈఐసీలో ఉన్నంత మంది నిపుణులు ఇక్కడ ఉండరు, కానీ ఆటో ఎక్కితే చేరే దూరం.

ఈ మూడింటిలో ఒకటి ఎంచుకుని మిగతావి వదిలేయడం సరికాదని నేననుకుంటాను. మన కాకతీయుల చెరువులు గొలుసుకట్టు చెరువులు కదా. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. ఇదీ అలాగే ఉండాలి. సమస్య ఏమిటో తేల్చుకోవడానికి ఒక్కసారి కష్టపడైనా డీఈఐసీకి వెళ్లండి, కాగితం మీద రాయించుకోండి. వారం వారం చేయాల్సిన థెరపీకి మీరు మానకుండా చేరగలిగిన చోటు చూసుకోండి, అది భవిత కావచ్చు, మంచి ప్రైవేటు సెంటర్ కావచ్చు. రోజూ చేయాల్సింది ఇంట్లో చేయండి. బిడ్డ ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడటం, అన్నం కలుపుతూ ఇది పప్పు, ఇది నెయ్యి అని చెప్పడం, వాడు వేలు చూపిస్తే ఆ వస్తువు పేరు పలకడం. అన్నం తింటాడని ఫోన్ చేతికివ్వడం మాత్రం ఆపాలి. రెండేళ్ల లోపు పిల్లలకు తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు తీసుకోండి. కొందరు తల్లిదండ్రులు "బిడ్డ మీద ముద్ర పడుతది" అని భయపడతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కార్డు లేకపోతే పింఛను లేదు, బస్సు పాస్ లేదు, పరీక్షల్లో అదనపు సమయం లేదు. దివ్యాంగుల పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. అది బిడ్డ థెరపీ ఖర్చుకు కొంత ఆసరా అవుతుంది.

మా చెల్లి కొడుకు ఇప్పుడు వినికిడి యంత్రం పెట్టుకుని మూడో తరగతి చదువుతున్నాడు. వాక్యాలు మాట్లాడతాడు. అప్పుడు పోగొట్టుకున్న ఏడాదిన్నర తిరిగి వచ్చిందని మాత్రం నేను అనలేను.

బరువు పెరగని బిడ్డ

ఇక్కడ ఎంపిక సులువు. అంగన్‌వాడీ టీచర్ దగ్గర మూడు రంగుల టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ భుజం కింద చుట్టి చూస్తే, 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు. అది తీవ్ర లోపం. 11.5కూ 12.5కూ మధ్య పసుపు. పసుపులో ఉంటే అంగన్‌వాడీ తిండి, డాక్టర్ సలహా, ప్రతి వారం తూకం. ఎరుపులో ఉండి, జ్వరం ఉన్నా, తిండి ముట్టకపోయినా పోషకాహార పునరావాస కేంద్రానికి వెళ్లాల్సిందే. రెండు వారాల దాకా తల్లీబిడ్డా అక్కడే ఉండాలి. తల్లికి తిండి పెడతారు, పోయిన కూలికి బదులు రోజుకింత ఇస్తారు. మెడికల్ షాపులో కొన్న పొడి డబ్బాలు దీనికి సాటి రావు. దిష్టి తీయించుకోవాలనుకుంటే తీయించుకోండి, కానీ అదే రోజు బస్సెక్కండి. ఇంట్లో మిగతా పిల్లలను ఎవరు చూస్తారన్నదే చాలామంది తల్లులకు అడ్డు. అక్కడ మహిళా సంఘం వాళ్లు, అత్త, ఆడబిడ్డ ముందుకు రావాలి.

నిజానికి ఇక్కడిదాకా రాకుండా ఆపే మనిషి ఆశా. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు ఆమె ఇంటికి రావాలి. ఆమె రాకపోతే మీరే కబురు పెట్టండి. వచ్చినప్పుడు "అంతా మంచిగనే ఉంది" అని పంపేయకుండా బిడ్డను చేతికివ్వండి.

హాస్టలా, హోమా, ఇంట్లో ఉంచి సాయమా?

ఆ బాపమ్మ దగ్గరికి వద్దాం. ఉత్తర తెలంగాణలో ఇలాంటి ఇళ్లు ఎన్నో. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు తండ్రి గల్ఫ్‌లో ఉండి పోయిన ఇళ్లు. మా వైపు పత్తి అప్పులతో, తాగుడుతో, ట్రాక్టర్ బోల్తాలో పోయినవాళ్ల ఇళ్లు. మిగిలేది ముసలమ్మ, ఒకరిద్దరు పిల్లలు. వెంటనే నోట వచ్చే మాట హాస్టల్. ఆమె ఆ మాట ప్రేమ లేక అనదు. తను పోతే పిల్ల ఏమవుతుందోనన్న భయంతో అంటుంది.

2015 నాటి బాలల న్యాయ చట్టం బిడ్డను సంస్థలో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని సూత్రంగా పెట్టుకుంది. అది కాగితం మీది మాట మాత్రమే కాదు, దాని వెనక డబ్బు కూడా ఉంది. పిల్లల రక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ అని బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. తండ్రి లేని పిల్లలు, తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు, ఇద్దరూ లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలు, అమ్మానాన్నలు ప్రాణాంతక జబ్బుతో ఉన్నవాళ్లు, మంచాన పడ్డవాళ్లు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం ఊళ్లలో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి. అందరూ డీసీపీయూ అంటారు.

ఇందులో చాలామంది పొరపాటు పడే చోటొకటి ఉంది. బిడ్డ హాస్టల్‌లో చేరితే స్పాన్సర్‌షిప్ ఆగిపోతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకే మినహాయింపు. అంటే ముందు హాస్టల్‌లో వేసి తర్వాత స్పాన్సర్‌షిప్ అడగడం కుదరదు. ఏది ముందో అప్పుడే తేల్చుకోవాలి. ఎనిమిదేళ్ల లోపు బిడ్డకు, ఇంట్లో ప్రేమగా చూసే మనిషి ఒక్కరున్నా, నేను స్పాన్సర్‌షిప్పే చెబుతాను. ఆ వయసులో రాత్రి భయమేస్తే లేచి పట్టుకోవడానికి తెలిసిన చెయ్యి కావాలి. నాలుగు వేలు ఆ ముసలమ్మకు మందులూ, బిడ్డకు బట్టలూ అవుతుంది. అయితే మంజూరైన వెంటనే డబ్బు పడుతుందని మాత్రం అనుకోవద్దు. మాకు తెలిసిన ఒక కుటుంబం నెలల తరబడి ఎదురుచూసింది. ఆ మధ్యకాలానికి రేషన్, వితంతు పింఛను, సంఘంలో చిన్న అప్పు, మేనమామ సాయం ఏదో ఒకటి ముందే కూడగట్టుకోవాలి.

పదేళ్లు దాటిన పిల్లల విషయం వేరు. ఐదో తరగతి నుంచి గురుకులాలున్నాయి, ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. బడి మానేసిన అమ్మాయిలకు, తల్లిదండ్రులు లేని అమ్మాయిలకు కస్తూర్బాలో ప్రాధాన్యం. ఇంట్లో తాగివచ్చి కొట్టే మనిషి ఉన్నా, పెళ్లి చేసేస్తారన్న భయం ఉన్నా, చదువు సాగించాలన్న పట్టుదల పిల్లకే ఉన్నా నేను హాస్టల్ వైపే మొగ్గుతాను. అక్కడ మా పాత విద్యార్థులు ఇంటర్ దాకా చదివారు, నర్సింగ్‌లో చేరారు. కానీ పిల్లతో మాట్లాడకుండా, నిద్ర లేపి బస్సెక్కించడం వద్దు. ముందు తీసుకెళ్లి చూపించండి. మొదటి నెలలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వెళ్లండి.

బాలసదనం, ఇతర హోమ్‌లు వీటికి వేరు. అక్కడికి బిడ్డ బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతోనే వెళ్లాలి. కమిటీలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులుంటారు. ఆదరించేవాళ్లెవరూ లేని బిడ్డకు, ఇంట్లోనే ప్రమాదం ఉన్న బిడ్డకు ఇదే సరైన చోటు, అప్పుడు ఆలస్యం చేయకూడదు. దొరికిన బిడ్డను 24 గంటల్లోగా కమిటీ ముందు ఉంచాలి. అయితే "మా ఆశ్రమంలో పెట్టండి, అన్నీ మేమే చూసుకుంటాం" అని ఊరికి వచ్చి పిల్లలను తీసుకెళ్లే మనుషుల దగ్గర జాగ్రత్త. రిజిస్ట్రేషన్ లేకుండా ఇలా పిల్లలను పెట్టుకోవడం నేరం. మా పక్క ఊరి పిల్లవాణ్ని అలా ఒక చోట చేర్పించారు. రెండు నెలలకోసారి తప్ప చూడనివ్వలేదు, ఫొటోలు మాత్రం చందాల కోసం వాడుకున్నారు. కమిటీ ఉత్తర్వు ఏదని ఒక్క ప్రశ్న అడిగితే ఇలాంటివాళ్లు మళ్లీ ఆ గడప తొక్కరు.

ఏ నంబర్‌కు చేయాలి?

పిల్లల విషయం ఏదైనా 1098. చదువు మానిపించి పనికి పెట్టడం, కొట్టడం, తప్పిపోవడం, బాల్యవివాహం అన్నిటికీ ఇదే. 1996లో మొదలైన ఈ సేవను 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది. ప్రాణాపాయం కళ్ల ముందే ఉంటే 112. తల్లినే కొడుతున్నారంటే 181, లేదా హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం. తల్లి సురక్షితంగా లేని ఇంట్లో బిడ్డకు విడిగా చేసే సాయం నిలబడదని నా అనుభవం. తండ్రి తాగుడు, తల్లి దిగులు, పిల్లవాడు ఎవరితో మాట్లాడకుండా మూలన కూర్చోవడం లాంటివైతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమూ ఉంది.

పెళ్లి విషయంలో ఊరి పెద్దలతో మాట్లాడించడమా, ఫోన్ చేయడమా అని అడుగుతుంటారు. లగ్గం ఇంకా ఖాయం కాకపోతే ముందు అంగన్‌వాడీ టీచర్, బడి హెడ్‌మాస్టర్, సర్పంచ్ కలిసి ఇంటికి వెళ్తే చాలాసార్లు ఆగుతుంది. 18 నిండకపోతే ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి రాదన్న మాట కూడా పనిచేస్తుంది. పత్రికలు పంచేశాక మాటలతో కాలం పోగొట్టొద్దు, 1098కే చేయండి. లైంగిక వేధింపు అయితే మాట్లాడించడం అన్నదే లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. పంచాయతీలో కూర్చోబెట్టి డబ్బుతో సర్దేయడం బిడ్డకు రెండోసారి చేసే గాయం. పోలీసులు నడిపే భరోసా కేంద్రం వరంగల్‌లో ఉంది. వైద్యం, వాంగ్మూలం, కౌన్సెలింగ్ ఒకే చోట జరుగుతాయి, బిడ్డ పదిచోట్ల అదే కథ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

స్వచ్ఛంద సంస్థల మాట

ప్రభుత్వమా, సంస్థలా అని చూడాల్సిన పని లేదు. 1991 నుంచి కాజీపేట కేంద్రంగా పనిచేస్తున్న బాలవికాస లాంటివి ఊళ్లలో వితంతువుల పట్ల వివక్ష మీద మాట్లాడాయి. తల్లి తలెత్తుకుంటే పిల్లల చదువు దానంతటదే నిలబడటం నేను చూశాను. కొత్తగా వచ్చే ఏ సంస్థనైనా ఒకటే అడగండి: మీ ప్రాజెక్టు ఎప్పటిదాకా, అది అయిపోయాక ఈ బిడ్డను ఎవరికి అప్పగిస్తారు? అంగన్‌వాడీ, బడి, డీసీపీయూ పేర్లు వాళ్ల నోట వస్తే మంచిది.

పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకూ, మన మిరప చేలకు వలస వచ్చిన కూలీల పిల్లలకూ ఇవన్నీ వర్తిస్తాయి. స్థానిక చిరునామా లేదని అంగన్‌వాడీలో తిండి, టీకా ఆపకూడదు. మీ ఊరి పక్కన బట్టీ ఉంటే ఆశాకు ఒక్క మాట చెప్పండి.

ఇక కాగితాలు. స్పాన్సర్‌షిప్‌కైనా, కస్తూర్బాకైనా, ధ్రువపత్రానికైనా బిడ్డ ఆధార్, పుట్టిన తేదీ పత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, పోయినవాళ్ల మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా అడుగుతారు. మరణ ధ్రువపత్రం తీసుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. దినాలు అయిన నెలలోనే పంచాయతీలో రాయించుకోండి. ఆదాయ పత్రానికి జూన్‌లో మీసేవ దగ్గర పెద్ద వరుస ఉంటుంది, మార్చిలోనే వెళ్లండి. అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీసి ఒక కవర్లో పెట్టుకోండి. అర్జీ ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద తేదీ వేయించి, ముద్ర కొట్టించుకోండి. ఆ బాపమ్మ కవర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. మరణ ధ్రువపత్రం ఒక్కటి రావాలి, సోమవారం పంచాయతీకి వెళ్తున్నాం.